అమ్మకి చెప్పిన ధర

ప్రశ్న: నాకు 36 ఏళ్లు. హైదరాబాద్‌లో బ్యాంకు ఉద్యోగం. నాన్న బస్సు కండక్టరుగా చేసి రిటైరయ్యారు. చిన్నప్పుడు మా ముగ్గురు అక్కచెల్లెళ్లకీ ఏడాదికి రెండు జతలే, సంక్రాంతికి ఒకటి, పుట్టినరోజుకి ఒకటి. ‘మంచం ఉన్నంత వరకే కాళ్లు చాపుకోవాలి’ అని అమ్మ రోజూ అనేది. నాలుగేళ్లుగా నాకు నేత చీరల మీద మనసు పోయింది. ఏడాదికి మూడో నాలుగో కొంటున్నాను. ఇంటి లోను, బాబు ఫీజు ఏదీ ఆగలేదు. ఒక చీర మాత్రం కార్డు మీద ఈఎంఐ పెట్టాను. మావారు ఏమీ అనరు. కానీ కొన్న ప్రతిసారీ ఆ రాత్రి నిద్ర పట్టదు. మొన్న 16,500 పెట్టి ఉప్పాడ జాందానీ కొని, అమ్మ అడిగితే 3,500 అని చెప్పాను. అమ్మ నమ్మేసి, ఆ ధరకి అలాంటివి ఇంకో రెండు తెమ్మని, పిన్ని కూతురి పెళ్లికి పెట్టాలని, నా ఖాతాలో 7,000 వేయించింది. ఏం చేయను? అసలు ఇంత ఖరీదు బట్టలు కట్టడం తప్పా?
— ఒంగోలు అమ్మాయి

జవాబు: ముందు ఆ ఏడు వేల సంగతి చూద్దాం. మీకు తట్టే మొదటి ఆలోచన నాకు తెలుసు: మిగతా 26,000 మీరే వేసి రెండు చీరలూ కొని పంపేయడం. దయచేసి ఆ పని చేయకండి. వచ్చే శ్రావణ మాసానికి మీ పెద్దమ్మ నాలుగు తెమ్మంటారు.

ధర తగ్గించి చెప్పడం మన ఇళ్లలో ఆడవాళ్లకి పాత విద్యే. పాత బట్టలకి స్టీలు గిన్నెలు వేయించుకున్న రోజుల్లో అమ్మలు నాన్నలకి చెప్పిన లెక్కలు ఎవరు సరిచూశారు? కాబట్టి మీరేదో ఘోరం చేశారని అనను. కాకపోతే ఈ అబద్ధం ఇప్పుడు మీ అమ్మగారిని నలుగురిలో ఇరికిస్తోంది. పెళ్లిలో చీరల సంగతి తెలిసినవాళ్లు ఒక్కరున్నా చాలు, మాట పోయేది ఆవిడది.

ఇక తప్పా ఒప్పా అన్న ప్రశ్న. మీకు పరికిణీ కుట్టించినప్పుడు అడుగున టక్కులు పెట్టించే ఉంటారు మీ అమ్మగారు. మా అమ్మా పెట్టించేది. ఏటా ఒక్కో టక్కు విప్పుకుంటూ పోతే ఒకే పరికిణీ నాలుగేళ్లు వచ్చేది. అలా రావాలంటే బట్ట నాలుగేళ్లు నిలవాలి. అందుకే కొట్లో తాను విప్పించి, వేళ్ల మధ్య నలిపి, వెనక్కి తిప్పి చూసి, రంగు దిగుతుందా అని నాలుగుసార్లు అడిగేవాళ్లు. రెండు జతలే కొనగలిగిన మనిషికి బట్ట బాగా తెలియాల్సి వచ్చింది. మీకు నేత మీద మనసు ఎక్కణ్నుంచి పోయిందంటారు? మీరు ఆ పెంపకానికి ఎదురు తిరిగి ఈ చీరలు కొంటున్నారని నేననుకోను.

అలాగని ఇరవై కొన్నా ఒప్పేనని కాదు. మీ ఉత్తరంలో ఒక వాక్యం మీరు తేలిగ్గా దాటేశారు, కార్డు మీద ఈఎంఐ. దాని మీద వడ్డీ, ప్రాసెసింగ్ ఫీజు, వాటికి మళ్లీ జీఎస్టీ. చీర ఎంత మంచిదైనా ఆ అదనం చీరలో లేదు. దాన్ని ముందు మూసేయండి. ఈ ఏడాది చీరలకి ఇంత అని సంక్రాంతికల్లా అనుకుని, నెలనెలా పక్కన పెట్టండి. బ్యాంకులో పనిచేసేవారికి ఆర్డీ గురించి నేను చెప్పాలా! ముందే చీరల కోసమని తీసిపెట్టిన డబ్బు కాబట్టి, ఆ రాత్రి నిద్ర కొంచెం తొందరగా పడుతుంది. పూర్తిగా పట్టకపోవచ్చు. చిన్నప్పటి బెరుకు జీతం పెరిగినంత వేగంగా పోదు.

ఇంకో లెక్క కూడా చూసుకోండి. 16,500 చీర జీవితంలో ఐదుసార్లు కడితే కట్టినప్పుడల్లా 3,300 పడినట్టు. యాభైసార్లు కడితే 330. బీరువా తెరిచి, గత రెండేళ్లలో కొన్నవాటిలో మడత విప్పనివి ఎన్నో చూడండి. రెండుకి మించి ఉంటే మీకు నచ్చుతున్నది చీర కాదు, కొనడం. అప్పుడు ఒక ఏడాది కొట్టు వైపు వెళ్లకుండా ఉన్నవే కట్టండి. ‘నేతన్నకి అన్నం పెడుతున్నాను కదా’ అన్న సమర్థన మాత్రం నాకు చెప్పకండి. కొట్టు లాభం, దళారి వాటా, నూలిచ్చి నేయించే మాస్టర్ వీవర్ వాటా పోగా మగ్గం దాకా చేరేది వేరు. నచ్చి కొన్నాను అంటే చాలు, అది గౌరవమైన కారణమే.

అమ్మకి చెప్పడం ఎలా? ఫోన్లో వద్దు. ఓ శనివారం ఒంగోలు వెళ్లండి, చీర తీసుకుని. పిన్ని ఇంట్లో లేని సమయం చూసుకోండి. ధర చెప్పేముందు చీర ఆవిడ చేతిలో పెట్టి వెనక్కి తిప్పమనండి. జాందానీలో బుటా దారం ఒక్కో బుటా దగ్గర చేత్తో దూర్చి, అక్కడికక్కడే తిప్పేస్తారు. అందుకే వెనక వేలాడే పోగులు కనిపించవు. ఒకే మగ్గం మీద ఇద్దరు పక్కపక్కన కూర్చుని, పనిని బట్టి రోజులూ వారాలూ నేస్తారు. ఇవన్నీ మీరు ఉపన్యాసంలా చెప్పక్కర్లేదు, ఆ వేళ్లకే సగం తెలుస్తుంది. ఆవిడ అడగబోయేది ఒకటుంది, ‘ఇది మగ్గం మీదిదేనా, నిన్ను మోసం చేశారా?’ అని. జవాబు సిద్ధంగా ఉంచుకోండి. సిల్క్ మార్క్ చీటీ పట్టు అసలుదని చెబుతుందంతే, చేత్తో నేశారని చెప్పదు. దానికి 2006 నుంచి హ్యాండ్‌లూమ్ మార్క్ వేరే ఉంది. మీ చీరకి ఏది ఉందో వెళ్లేలోపు చూసుకోండి.

తర్వాత అసలు ధర చెప్పండి. తిడతారు. తిట్టనివ్వండి. ఆ అంకె వినగానే ఆవిడకి మీ బీరువా గుర్తు రాదు, మీ నాన్నగారి అప్పటి జీతం గుర్తొస్తుంది. ‘నా డబ్బు నా ఇష్టం’ అన్న మాట నోటిదాకా వస్తుంది, ఆపుకోండి. ‘నీకూ ఒకటి కొంటాలే’ అని సర్దేయకండి కూడా. అది లంచంలా ఉంటుంది, పైగా ఆవిడ దాన్ని కట్టరు, ట్రంకుపెట్టెలో దాస్తారు. ఏడు వేలు వెనక్కి వేసి, పెళ్లిలో పెట్టడానికి ఆ డబ్బులో మంచి మంగళగిరి నూలు చీరలు చూద్దామా అని అడగండి. ఆ ధరకి గట్టి బట్టే వస్తుంది, ఎంచడం ఆవిడకే వదిలేయండి. రెండు రోజులు మాట్లాడకపోతే కంగారుపడకండి.

పెళ్లికి ఆ ఉప్పాడ చీరే కట్టుకెళ్లండి. ఎవరైనా ధర అడిగితే మీరు నోరు విప్పకండి, అమ్మగారిని చెప్పనివ్వండి. ఆవిడ ఎంతని చెప్పారో నాకు మళ్లీ రాయండి.