పాత గేమ్ కోడ్ ముందు కూర్చునే అబ్బాయిని ఏ కోర్సులో చేర్చాలి?

ఒడిశాలోని పర్లాకిమిడి నుంచి ఒక తండ్రిగారు రాశారు. అబ్బాయి ప్లస్ టూ సైన్స్ పూర్తి చేశాడు. రాత్రి రెండింటి దాకా వుల్ఫెన్‌స్టైన్ 3డీ అనే పాత తుపాకుల గేమ్ కోడ్ ముందేసుకుని కూర్చుంటున్నాడు, కోప్పడితే "ఆడట్లేదు నాన్నా, ఒకే కోడ్‌లోంచి మూడు గేమ్‌లు తీస్తున్నా" అంటున్నాడు. హైదరాబాద్‌లో గేమింగ్ కోర్సు ఒకటి చూశారట, ఫీజు లక్షల్లో ఉంది, షాపు మీద అప్పు తెచ్చి చేర్చమంటారా అని అడుగుతున్నారు.

అప్పు చేయకండి అండీ. మీవాడి ఇష్టం గేమ్ తయారుచేయడం మీద ఉన్నట్టు నాకు అనిపించట్లేదు, మీరు రాసినదాన్ని బట్టి చూస్తే అతన్ని పట్టుకున్నది బిల్డ్ పని, అంటే రాసిన కోడ్‌ని నడిచే ప్రోగ్రామ్‌గా తయారుచేసే పని.

ఆ గేమ్ 1992లో వచ్చింది, 1995లో దాన్ని తయారుచేసిన ఐడీ సాఫ్ట్‌వేర్ కంపెనీ వాళ్లే దాని కోడ్ బయటపెట్టారు. అందులో వెర్షన్.హెచ్ అని ఒక చిన్న ఫైలు ఉంటుంది. దాంట్లో 'అప్‌లోడ్' అనే డిఫైన్ లైన్ (ఒక ఆప్షన్‌ని ఆన్ చేసే లైను) ఉంటే మొదటి ఎపిసోడ్ మాత్రమే ఉన్న షేర్‌వేర్ గేమ్, అంటే ఉచితంగా పంచే గేమ్ తయారవుతుంది, తీసేస్తే ఆరు ఎపిసోడ్ల పూర్తి గేమ్, 'స్పియర్' అని పెడితే 1992లోనే వచ్చిన స్పియర్ ఆఫ్ డెస్టినీ అనే ఇంకో గేమ్. చెప్పడానికి ఇంతే, చేయడానికి కూర్చుంటే తెలుస్తుంది. షేర్‌వేర్ డేటా ఫైళ్ల పేర్ల చివర డబ్ల్యూఎల్1 ఉంటుంది, పూర్తి గేమ్‌వి డబ్ల్యూఎల్6, స్పియర్‌వి ఎస్‌ఓడీ, బొమ్మల నంబర్లు కూడా గేమ్‌కొకలా ఉంటాయి కాబట్టి ఆ నంబర్లు రాసి ఉండే హెడర్ ఫైళ్లు కూడా వేరే. ఒకదానిది ఇంకోదానికి తగిలిస్తే గేమ్ మొదలవకుండానే ఆగిపోతుంది, లేదా మెనూ బొమ్మ రావాల్సిన చోట ఇంకేదో వస్తుంది. ఫోన్లలో, కార్లలో, టీవీల్లో ఉండే సాఫ్ట్‌వేర్ కూడా ఇలాగే తయారవుతుంది, ఒకే సోర్స్ (కోడ్), మోడల్‌ని బట్టి కొన్ని ఆన్, కొన్ని ఆఫ్. లైనక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్‌కి గుండెలాంటి కెర్నల్‌లో అలాంటి ఆప్షన్లు వేలల్లో ఉన్నాయి. ఈ పని తెలిసినవాళ్లని బిల్డ్ ఇంజనీర్, రిలీజ్ ఇంజనీర్ అని ఉద్యోగాల్లోకి తీసుకుంటారు.

అయితే మీవాడు నిజంగా ఎంతవరకు వచ్చాడో మీరే చూడొచ్చు, కోడింగ్ రాకపోయినా పర్వాలేదు. పక్కన కూర్చుని, మూడు ఫోల్డర్లు కాపీ చేసుకున్నావా, కోడ్ ఒక్కటే ఉంచావా అని అడగండి. కాపీలే అయితే ఇంకా మొదట్లోనే ఉన్నాడు, ఎందుకంటే ఒకదాంట్లో దిద్దిన తప్పు మిగతా రెండింట్లో అలాగే ఉండిపోతుంది. కోడ్ ఒక్కటే అంటే, చిన్న మార్పు ఒకటి చేసి మూడింటినీ మీ ముందే బిల్డ్ చేసి చూపించమనండి. ఇక్కడ చాలామంది ఇరుక్కుంటారు: డిఫైన్‌ని ఫైల్లో రాయకుండా బిల్డ్ కమాండ్‌లోనే ఫ్లాగ్‌గా ఇస్తే, అది మారిన సంగతి మామూలు మేక్‌ఫైల్‌తో నడిచే మేక్ అనే బిల్డ్ ప్రోగ్రామ్‌కి తెలియదు, సోర్స్ మారలేదు కదా అని అంతకుముందు తయారైన పాత ఆబ్జెక్ట్ ఫైళ్లే వాడేస్తుంది, సగం షేర్‌వేర్ సగం పూర్తి గేమ్ కలిసిన ప్రోగ్రామ్ బయటికొస్తుంది. అందుకే ఒక్కో వెర్షన్‌కి ఒక్కో బిల్డ్ డైరెక్టరీ (ఆ ఫైళ్లు ఉండే ఫోల్డర్) పెట్టుకుంటారు. ఇది ఎవరూ చెప్పకుండా తనే కనిపెట్టి సరిచేసుకున్నాడంటే నాకు చాలా సంతోషం, అలాంటి పిల్లాడిని బీటెక్ కంప్యూటర్స్‌లోగానీ ఈసీఈలోగానీ ధైర్యంగా వేయండి.

ఒడిశాలో బీటెక్ సీట్లు జేఈఈ మెయిన్ ర్యాంకు మీద ఓజేఈఈ అనే ఒడిశా కౌన్సెలింగ్‌లో వస్తాయి. బరంపురంలో పరాలా మహారాజా ఇంజనీరింగ్ కాలేజీ ప్రభుత్వానిదే. పాతపట్నం దాటితే ఆంధ్రా కాలేజీలే కదా అనుకుంటారు, కానీ ఒడిశాలో చదివిన పిల్లాడికి అక్కడ లోకల్ కోటా దొరకడం కష్టం, కాబట్టి ఒడిశా సీటుకే ప్రయత్నించి, ఒడిశా రెసిడెన్స్ సర్టిఫికెట్ ఇప్పుడే సిద్ధం చేసుకోండి. ర్యాంకు రాకపోతే టెన్షన్ పడకండి, బీసీఏ చేసి ఎంసీఏకి వెళ్లొచ్చు, ఈ పనికి ఆ దారి కూడా సరిపోతుంది. రాత్రి రెండింటి దాకా మేలుకోవడం మాత్రం ఆపించండి, పరీక్ష చదువు దెబ్బతింటుంది.

ఇంకొకటి, ఈ పని గిట్‌హబ్‌లో (కోడ్ పెట్టుకునే వెబ్‌సైట్) పెట్టమనండి, మూడు వెర్షన్లూ ఎలా బిల్డ్ చేయాలో రీడ్‌మీ అనే పరిచయం ఫైల్లో తన మాటల్లో రాయమనండి, ఇంటర్వ్యూలో మార్కుల తర్వాత చూసేది అదే. పూర్తి గేమ్ డేటా ఫైళ్లు మాత్రం అందులో పెట్టకూడదు. బయటపెట్టింది కోడ్ మాత్రమే, బొమ్మలూ లెవెల్స్ ఇప్పటికీ కొనుక్కోవాల్సినవే. లైసెన్స్ ఫైలు కూడా ఒకసారి చివరి దాకా చదవమనండి.