స్కాట్లాండ్ జనగణనలో పదేళ్లకో ఊళ్లో కనిపించే పాలేరు ఒక్కడేనా?

1851, 1861, 1871 పత్రాల్లో ఒకే పేరున్న దుక్కి పాలేరు మూడు వేర్వేరు పారిష్‌లలో (ఒక్కో చర్చి కింద ఉండే ఊళ్ల పరిధి) ఉన్నాడు, వయసు కుదరడం లేదు, భార్య ఇంటిపేరు ఒకచోట వేరుగా ఉంది, ఇది ఒకే కుటుంబమా అని అడిగారు. ఊరు మారినంత మాత్రాన వేరే మనిషని తీసిపారేయకండి. నేను అలాగే తీసిపారేసి ఏడాదిపాటు తప్పుదారిలో వెతికాను.

మా వారి పూర్వీకులది ఇంగ్లండు సరిహద్దును ఆనుకుని ఉన్న బెరిక్‌షైర్. అక్కడ పెళ్లయిన పాలేరును 'హైండ్' అనేవారు. ఒప్పందం ఏడాదికి, ఇల్లు రైతుది. జీతంలో పెద్ద భాగం ఓట్స్, బార్లీ, బఠానీ, ఆవు మేత రూపంలో ముట్టేది, మన పాలేళ్లకు ధాన్యం కొలిచినట్టే. ఒప్పందం తిరగరాయకపోతే మే నెలలో విట్‌సండే గడువుకు సామాను బండికెక్కించాల్సిందే. 1851లో జనగణన మార్చి 30న, 1861లో ఏప్రిల్ 7న జరిగింది. అంటే మీరు చూస్తున్న ఇంట్లో రెండు నెలల తరువాత మరో కుటుంబం కాపురం ఉండి ఉండవచ్చు.

కాబట్టి తండ్రి చిరునామా పక్కనపెట్టి, పిల్లలు పుట్టిన ఊళ్లు చూడండి. 1851 నుంచి పుట్టిన పారిష్ కూడా రాశారు. మా 1861 పత్రంలో పెద్దమ్మాయి స్వింటన్‌లో, తరువాతి ఇద్దరు ఎకిల్స్‌లో, చిన్నవాళ్లిద్దరు కోల్డ్‌స్ట్రీమ్‌లో పుట్టారు. పటం మీద పెన్సిలుతో కలిపితే ఆ కుటుంబం నడిచిన దారి కనిపించింది. అన్నీ ఒక పూట నడక దూరమే.

వయసులో రెండు మూడేళ్ల తేడాను పట్టించుకోకండి. 1841లోనైతే పదిహేనేళ్లు దాటినవారి వయసును ఐదు గుణిజానికి కుదించి రాయమన్నారు. ఇంటిపేరు తేడాకూ కంగారు వద్దు, స్కాట్లాండ్ పత్రాల్లో పెళ్లయిన స్త్రీని పుట్టింటి పేరుతో రాయడం మామూలే. జానెట్ మరోచోట జెస్సీ అయిపోతుంది.

పిల్లల్లో ఒకరు 1855లో పుట్టి ఉంటే ఆ జనన పత్రం తప్పక తెప్పించుకోండి. పౌర నమోదు మొదలైన ఆ మొదటి ఏడాది తల్లిదండ్రుల వయసు, పుట్టిన ఊరు, పెళ్లి వివరాలు, అంతకుముందు పుట్టిన పిల్లల్లో ఎందరు బతికారో ఎందరు పోయారో కూడా రాశారు. మరుసటి ఏడాదే చాలా వివరాలు తీసేశారు. మా వాళ్లకు ఒక మగబిడ్డ పోయాడని అక్కడే తెలిసింది. రెండు జనగణనల మధ్య పుట్టి పోయిన ఆ పిల్లవాడు ఏ జనగణన పత్రంలోనూ లేడు.

1861లో కిటికీ ఉన్న గదులెన్నని కూడా అడిగారు. మా వాళ్ల పేర్ల చివర ఉన్న అంకె 1. ఎనిమిది మంది, ఒక్క గది. దాని దగ్గర చాలాసేపు ఆగిపోయాను. పైగా ఎనిమిదో పేరు పక్కన 'పనిమనిషి' అని ఉంది! ఒంటిగది ఇంట్లో పనిమనిషి ఏమిటని తికమకపడ్డాను. ఆ ప్రాంతంలో హైండ్ తనతోపాటు రైతు పొలానికి ఒక స్త్రీని కూడా సమకూర్చాలి, ఆమెను 'బాండేజర్' అనేవారు. కూతురు ఇంకా ఎదగకపోతే బయటి అమ్మాయిని కుదుర్చుకుని, తిండి, పడక తానే చూడాలి. మీ పత్రంలో అలాంటి పేరుంటే మీ వంశం కాదని వదిలేయకండి, ఆమె పుట్టిన పారిష్‌తో సహా రాసిపెట్టుకోండి. ఆమె ఇంటివాళ్లెవరో ఆమె కోసం వెతుకుతూ ఉండవచ్చు.