తొగకుషి అడవి గుడికి వెళ్లొచ్చా?

ప్రశ్న: అక్టోబరులో టోక్యోలోని మా అబ్బాయి దగ్గరికి వెళ్తున్నాను. కొండ అడవిలో ఉండే పాత షింటో (జపాన్ వాళ్ల సంప్రదాయ మతం) గుడి ఒకటి చూడాలనుంది. నాకు 62 ఏళ్లు. ఎక్కడికి వెళ్లాలి, చెప్పులు విప్పాలా?
- ఒక పాఠకురాలు, విజయవాడ

జవాబు: నాగానో దగ్గరి తొగకుషికి వెళ్లండమ్మా. టోక్యో నుంచి షిన్‌కన్‌సెన్‌ (బుల్లెట్ రైలు)లో సుమారు గంటన్నర, అక్కడి నుంచి బస్సులో ఇంకో గంట. మొత్తం ఐదు గుళ్లున్నా, అన్నిటికన్నా లోపలున్న ఓకుషాను మాత్రం వదలొద్దు. 2 కిలోమీటర్ల నడక, సగం దారిలో ఎర్ర ద్వారం, దాని గడ్డి కప్పు మీద మొక్కలు మొలిచి ఉంటాయి, అది దాటగానే దాదాపు 400 ఏళ్ల సుగి (జపాన్ దేవదారు) చెట్లు రెండు వైపులా నిటారుగా, తల ఎంత ఎత్తినా కొస కనబడదు. సూర్యదేవత అమతెరసు గుహలో దాక్కుంటే రాతి తలుపు లాగేసిన దేవుడే ఇక్కడి మూలమూర్తి. చివర్లో రాతి మెట్లు ఎక్కువ, మోకాళ్లు జాగ్రత్త.

చెప్పులు విప్పక్కర్లేదు. చేతులు, నోరు కడుక్కుని, హుండీలో నాణెం వేసి, రెండుసార్లు వంగి, రెండు చప్పట్లు కొట్టి, మళ్లీ ఒకసారి వంగితే చాలు, కొబ్బరికాయ ఆచారం లేదు. ఎలుగుబంట్లు తిరిగే అడవి కాబట్టి చీకటి పడకముందే వచ్చేయండి. అక్కడి సోబా నూడుల్స్‌కు మంచి పేరుంది, శాకాహారులైతే అడిగి తినండి, పులుసులో చేప ఉంటుంది.