అది నిజంగానే మిమ్మల్ని చూసింది!

ప్రశ్న: నమస్తే మేడమ్. మా బాబు కోసం క్రోషాతో బుల్లి సాలీడు అల్లుతున్నా. మొన్న అల్లుతూ ఉంటే నిజం సాలీడే కిటికీ అంచు మీదకొచ్చింది, గోరంత కూడా లేదు, నేను కదిలితే ఇటు తిరిగి నన్నే చూసినట్టు అనిపించింది. నా భ్రమేనా? ఇంకోటి, నేను అల్లింది బంతికి కాళ్లు పెట్టినట్టుందే గానీ ప్రాణం రావట్లేదు, ఏం చెయ్యాలి?

జవాబు: భ్రమ కాదండీ, చూసింది. అది గూడు అల్లి కూర్చునే రకం కాదు, గెంతే సాలీడు. వాటిల్లో 6,000 పైగా జాతులున్నాయి. 8 కళ్లుంటాయి, పక్క కళ్లకి ఏదో కదిలినట్టు తెలియగానే ఒళ్లంతా తిప్పేసి ముందున్న రెండు పెద్ద కళ్లనీ సూటిగా మీ మీద పెడుతుంది. ఆ పెద్ద కళ్లు బయటికి కదిలినట్టు కనిపించవు, లోపల రెటీనా, అంటే వెలుగుని పట్టే పొర, కదులుతుంది, అందుకే కొన్ని రకాల్లో దగ్గరగా చూస్తే కన్ను నల్లగా అయ్యి మళ్లీ లేత రంగులోకి వస్తున్నట్టుంటుంది. నేను మొదటిసారి అది చూసినప్పుడు చేతిలో పని వదిలేసి అలాగే కూర్చుండిపోయా. గెంతే ముందు వెనకాల ఒక దారం అంటించుకుంటుంది చూడండి, పట్టు తప్పితే దాన్ని పట్టుకునే వేలాడుతుంది.

ఇప్పుడు మీ బొమ్మ సంగతి. మీరు కాళ్లు పొట్టకి కుట్టి ఉంటారు, చాలామంది చేసేది అదే. సాలీడుకి ఒళ్లు రెండు ముక్కలు, 8 కాళ్లూ ముందు ముక్కకే ఉంటాయి, పొట్టకి ఒక్కటి కూడా ఉండదు. కాబట్టి ముందు చిన్న ముక్క గట్టిగా దూది కూరి అల్లండి, దానికే అటు నాలుగు ఇటు నాలుగు కుట్టండి, పొట్ట విడిగా వెనక తగిలించండి, అప్పుడే సగం ప్రాణం వచ్చేస్తుంది. కాళ్లు కిందకి ముడుచుకుపోయినట్టు ఉంచకండి, సాలీడు కాళ్లు చాపేది లోపలి ద్రవం ఒత్తిడితో, చచ్చిపోతే ఆ ఒత్తిడి పోయి కాళ్లు ముడుచుకుపోతాయి, అందుకే అలా పెడితే బొమ్మ చచ్చిన సాలీడులా కనిపిస్తుంది. మోకాళ్లు పైకి లేచేలా మడిచి రెండు కుట్లు వెయ్యండి చాలు.

కళ్లు ముఖం మీద వరసగా నాలుగు, మధ్య రెండూ బాగా పెద్దవి, ఒకదాన్నొకటి ఆనుకున్నట్టు. మిగతా నాలుగు తల మీద చిన్న చిన్న ముడులు. ప్రతి పెద్ద కంటి పై మూలలో తెల్లదారంతో ఒక్క చుక్క పెట్టండి, ఆ మెరుపుతోనే చూపొస్తుంది. బాబు చిన్నపిల్లాడైతే మాత్రం పూసలు, తీగలు అస్సలొద్దు, నోట్లో పెట్టుకుంటాడు, కళ్లు దారంతోనే కుట్టండి.

ప్రశ్న: మా పాప వానకి బయటికొచ్చిన ఆరుద్ర పురుగుని డబ్బాలో దూది వేసి పెట్టింది, రెండ్రోజులకి చచ్చిపోయింది, ఒకటే ఏడుపు. ఇంకోటి తెచ్చి పెంచొచ్చా?

జవాబు: వద్దండీ ప్లీజ్. దాని ఇల్లు మట్టి, దూదిలో తడీ లేదు తిండీ లేదు. అరచేతిలో కాసేపు నడిపించుకుని, దొరికిన చోటే వదిలెయ్యమనండి. ఎర్ర వెల్వెట్ గుడ్డ ముక్క తీసుకుని ఇద్దరూ కూర్చుని ఒకటి కుట్టండి, ఆ పురుగు ఒళ్లు ముట్టుకుంటే అచ్చం వెల్వెట్లాగే ఉంటుంది కదా. కాళ్లు ఎన్నో పాపనే లెక్కపెట్టి చెప్పమనండి, 8 అంటుంది, అది కూడా సాలీళ్ల చుట్టమే మరి.

ప్రశ్న: లేడీబర్డ్ బొమ్మకి చుక్కలు ఎన్ని? వయసుని బట్టి పెరుగుతాయంటారు నిజమా?

జవాబు: వయసుకీ చుక్కలకీ సంబంధం లేదు, జాతిని బట్టి ఉంటాయి. 7 చుక్కల రకం చేస్తుంటే ఒక్కో రెక్క మీద మూడు, ఏడోది తల దగ్గర రెండు రెక్కలూ కలిసేచోట సగం అటూ సగం ఇటూ పడేలా కుట్టండి.