పుస్తకం పేరు దగ్గరే మాట ఆగిపోతుంటే

అన్నా, ఆదివారం తిరుపతిలో మీ పుస్తకాల బృందం కలిసినప్పుడు ఒక్కొక్కరూ చదువుతున్న పుస్తకం పేరు చెప్పేసి ఊరుకుంటున్నారని, మాట సాగడం లేదని రాశారు. చిక్కంతా ప్రశ్నలోనే ఉంది. ‘ఏం చదువుతున్నారు?’ అంటే పేరే చెబుతారు, ఇంకేం చెబుతారు! ‘ఎక్కడిదాకా వచ్చారు? ఎక్కడ ఆగిపోయారు?’ అని అడిగి చూడండి. సగంలో వదిలేసిన వాటి గురించి కూడా మాట్లాడొచ్చని ముందే చెప్పేయండి. విసుగు పుట్టించిన పుస్తకం మీదే జనానికి మాటలు ఎక్కువ.

అందరూ ఒకటే చదవాలనుకుంటే చిన్నది పెట్టుకోండి. నా ఓటు మన చిత్తూరు జిల్లా రచయిత కేశవరెడ్డి రాసిన ‘అతడు అడవిని జయించాడు’కి. తప్పిపోయిన పందిని వెతుక్కుంటూ ఒక ముసలాయన అడవిలోకి పోతాడు. ఆ ముగింపు మీద మీవాళ్లు వాదులాడుకోకపోతే అడగండి. నవలకు తీరిక లేదనేవాళ్లకు మధురాంతకం రాజారాం కథ ఒక్కటి చాలు. ఆయన కథలకు 1993లో కేంద్ర సాహిత్య అకాడమీ అవార్డు వచ్చింది. ఏ కథో మాత్రం బుధవారానికల్లా చెప్పేయండి, శనివారం రాత్రి చెబితే ఎవరూ చదివి రారు.