అల్లుడూ, డింగీ కొనేముందు నీ నడుముని అడుగు

అల్లుడూ, బోటు నించి ఒడ్డుకి వెళ్లి రావడానికి కొంటానని నువ్వు పంపిన మూడు డింగీల, అదే గాలి నింపే చిన్న పడవల, ఫోటోలూ చూశాను. అందులో రెండు కొనొద్దు. ఫోన్‌లో చెప్పొచ్చుగా అంటోంది మీ అత్త, కానీ ఫోన్‌లో చెప్తే "సరే మావయ్యా" అని పెట్టేసి నీకు నచ్చిందే కొంటావని నాకు తెలుసు, అందుకే రాస్తున్నాను.

నీది 27 అడుగుల సెయిల్‌బోటు. మేరీల్యాండ్‌లోని అనాపొలిస్‌లో స్పా క్రీక్ అనే నీటిపాయలోనో బ్యాక్ క్రీక్‌లోనో లంగరేసుకుని వారాంతాలు గడపాలని నీ ప్లాను. బాగుంది. అక్కడ కొన్ని వీధులు నేరుగా నీళ్ల దాకా వచ్చి ఆగుతాయి, ఆ చివర డింగీ కట్టేసి కాఫీకో కూరగాయలకో నడిచి వెళ్లొచ్చు. అంటే అది నీకు ఇంటి ముందు స్కూటర్ లాంటిది, రోజుకి నాలుగుసార్లు దింపాలి, ఎక్కాలి, మళ్లీ పైకి లాగాలి. కాబట్టి మొదటి ప్రశ్న ఎంత మంది పడతారు అన్నది కాదు, నువ్వొక్కడివే దాన్ని డెక్ మీదికి లాగగలవా అన్నది. మీ ఆవిడ సాయం లెక్కలోకి తీసుకోకు, ఆ టైముకి తను లోపల స్టవ్ దగ్గరుంటుంది.

చుట్టూ గాలి గొట్టాలు, అడుగు మాత్రం గట్టిగా ఉండే రిబ్ ఫోటో పంపావు చూడు, చూడ్డానికి ముచ్చటగానే ఉంది, నీళ్ల మీద కూడా అదే బాగా పోతుంది. కానీ అలాంటివి మామూలుగా 45, 50 కిలోలు తూగుతాయి, మడత కూడా పడవు. 27 అడుగుల బోటు ముందు డెక్ మీద దాన్ని పెడితే నువ్వు నడవడానికి చోటుండదు. ఎత్తలేక దాన్ని ఎప్పుడూ వెనక కట్టుకుని లాగుతావు, అక్కడే మొదలవుతుంది గొడవ. ఒక జులై సాయంత్రం ఉరుములతో గాలివాన వచ్చింది, వెనకున్న నా డింగీ కాగితంలా లేచి తలకిందులైంది, మోటారు దానికే ఉంది. ఇరవై ఏళ్లు ఓడల్లో ఇంజన్లు చూసినవాణ్ణి, ఆ బుల్లి మోటారుని ఉప్పునీళ్లలో ముంచాను. లాగాల్సి వస్తే మోటారు తీసి లోపల పెట్టు, అంతే.

రెండోది, ఆ స్విమ్మింగ్ పూల్ బొమ్మ లాంటిది. ధర చూసి మోసపోకు, నేనూ పడ్డాను. మొదటి ఏడాది అలాంటిదే కొన్నాను. ఒకరోజు మీ అత్త ఒళ్లో ఇరవై పౌండ్ల బియ్యం బస్తా, నేను తెడ్డేస్తున్నాను, ఎదురుగాలి. తెడ్డు తగిలించే ప్లాస్టిక్ కొక్కెం టప్పున విరిగింది. ఒక్క తెడ్డుతో ఈ పక్కోసారి ఆ పక్కోసారి వేస్తుంటే పడవ తిరగలిలా గిరగిరా తిరుగుతోంది తప్ప ముందుకి పోదు, మెల్లగా క్రీక్ నోటివైపు కొట్టుకుపోతున్నాం. ఎవరో పెద్దాయన మోటారు పడవలో వచ్చి లాక్కెళ్లాడు. మీ అత్త ఆ బస్తా వదల్లేదు, ఆ సంగతి ఇప్పటికీ చెప్తుంది. అందుకే తెడ్లూ, వాటి కొక్కేలూ చేత్తో పట్టుకుని ఊపి చూడందే ఏదీ కొనకు.

మిగిలింది మూడోది, 2.3 మీటర్ల పీవీసీ డింగీ. దాని సైజులో 20, 25 కిలోల మధ్య దొరుకుతాయి, అదే నీ జోడు. ఎంతమంది ఎక్కొచ్చో చెప్పే ప్లేటు మీద ముగ్గురని రాసి ఉంటుంది, ఇద్దరు మనుషులు, రెండు సంచులు అని చదువుకో. అడుగున అడ్డంగా చెక్క పట్టీలుండేది చవక, కానీ నిలబడితే పరుపు మీద నిలబడ్డట్టుంటుంది. గాలి నింపే అడుగుంటే ఇంకొంచెం పెట్టు, దాన్నే తీసుకో. దానికి గాలి బాగా గట్టిగా కొట్టాలి, చాలావాటికి 10 పీఎస్ఐ (గాలి ఒత్తిడి కొలత) దాకా, చేతులు పడిపోతాయి. సగం కొట్టి వదిలేస్తే మధ్యలో అరటిపండులా వంగుతుంది. పక్క గొట్టాలకి అంత వద్దు, 3 పీఎస్ఐకి అటూ ఇటూ చాలు. ఒడ్డున ఎండలో నింపితే గట్టిగానే అనిపిస్తుంది, చల్లటి నీళ్లలో దించగానే మెత్తబడుతుంది, అప్పుడు ఇంకో నాలుగు పోట్లు పొడవాలి.

పీవీసీ బదులు హైపలాన్ అనే రబ్బరు పూత గుడ్డతో చేసింది మంచిదని ఎవరో చెప్పారన్నావు. నిజమే, ఎండకి అది పీవీసీ కన్నా చాలా ఎక్కువ కాలం ఆగుతుంది. ఫ్లోరిడాలో ఉంటే అదే కొనమనేవాణ్ణి. వెయ్యి డాలర్ల బడ్జెట్‌తో, ఏడాదిలో సగం రోజులు మడిచి గరాజ్‌లో పెట్టే మన చెసపీక్ అఖాతం దగ్గర నీకు పీవీసీ చాలు, కప్పు ఒకటి వేసుకో. సెకండ్ హ్యాండ్ దొరికితే గాలి నింపించి ఒక రాత్రి వదిలేయమను, పొద్దున వెళ్లి చూడు. అతుకుల మీద సబ్బు నీళ్లు పోసి బుడగలొస్తున్నాయేమో చూడు. చేత్తో తడిమితే జిగురుగా అంటుకుంటోందంటే ఆ పీవీసీ పని అయిపోయినట్టే, ఉచితంగా ఇచ్చినా వద్దు.

మోటారు ఇప్పుడే కొనకు. రెండున్నర హార్స్ పవర్‌ది కూడా 13 కిలోల పైనే ఉంటుంది, బోటు నించి డింగీలోకి దాన్ని అందించుకోవడం ఒక సర్కస్. పైగా మేరీల్యాండ్‌లో మోటారు తగిలిస్తే, అది బ్యాటరీదైనా సరే, డింగీకి రిజిస్ట్రేషన్ చేయించాలి. ఈ సీజనంతా తెడ్లేసి చూడు. కానీ మోటారు బిగించే చెక్క వెనక ఉన్నదే కొను, తర్వాత మనసు మారుతుంది. మనిషికో లైఫ్ జాకెట్, రాత్రికి ఒక టార్చి, చిన్న లంగరు, ఇవి మాత్రం మొదటిరోజు నించీ ఉండాలి. ఒడ్డున ఆల్చిప్పల మీదికి ఈడ్చకు, బ్లేడులా కోస్తాయి.

శనివారం వస్తున్నావుగా, కొలిచే టేపు తీసుకురా, మాస్ట్ (తెరచాప కొయ్య) నించి బోటు ముక్కు దాకా డెక్ ఎంతుందో చూద్దాం. ఆర్డర్ అప్పటిదాకా ఆపు. కిందటిసారి పులిహోర పట్టుకెళ్లిన స్టీలు డబ్బా కూడా తెమ్మంటోంది మీ అత్త.

మావయ్య