తల్లి చారల అరటి, పిలకలకు తలో రంగు ఎందుకు?

ప్రశ్న: మా నర్సరీలో తెల్ల చారల (వేరిగేటెడ్) అరటి తల్లి మొక్కలు నాలుగు ఉన్నాయి. ఒకే దుంపకు ఒక పిలక పూర్తి పచ్చగా, ఒకటి పాలలా తెల్లగా, మరొకటి చారలతో వచ్చాయి. కాండం మీద కూడా ఒకవైపే తెల్ల పట్టీలున్నాయి. ఇది తెగులా? ఏ మందు కొట్టాలి?
– నర్సరీ రైతు, కడియం

జవాబు: మీరు చెప్పినదాన్ని బట్టి ఇది తెగులు కాదు, పోషక లోపమూ కాదు. టెన్షన్ పడి మందులకు డబ్బు పెట్టకండి.

చారల అరటి మొవ్వు మొనలో రెండు రకాల కణాలు పక్కపక్కనే ఉంటాయి. కొన్నిటికి పత్రహరితం ఉంటుంది, కొన్నిటికి ఉండదు. మనం కాండం అని పిలిచేది నిజానికి ఆకు డొప్పల చుట్టే కదా. డొప్ప మీది తెల్ల పట్టీ వెంట వేలు పెట్టి పైకి వెళ్లండి. అది తొడిమ మీదుగా నడి ఈనెలోకి ఎక్కి, అక్కడి నుంచి ఆకు అంచు దాకా చారలుగా విచ్చుకుంటుంది. పిలక కూడా అంతే. దుంప మీద అది లేచిన మొగ్గలో ఏ కణాలుంటే ఆ రంగే వస్తుంది. ఏ ఎరువూ దీన్ని మార్చలేదు.

పూర్తి తెల్ల పిలకను దయచేసి విడదీసి అమ్మకండి. అది తల్లి దుంప పెట్టిన తిండి మీదే బతుకుతోంది. వేరు చేస్తే దుంపలో నిల్వ ఉన్నంత వరకే, తర్వాత ఎండిపోతుంది. కొన్నవారు నీళ్లు తక్కువయ్యాయేమోనని బాధపడతారు. పచ్చ పిలకలు మిగతావాటికన్నా వేగంగా పెరిగి తల్లి బలాన్ని లాగేస్తాయి. వాటిని చిన్నగా ఉన్నప్పుడే దుంప దాకా తీసేయండి. డొప్పల మీద పచ్చ, తెలుపు చుట్టూ కలగలిసి ఉన్న సూది పిలకలనే (కత్తిలా సన్నటి ఆకులున్నవి) పెంపకానికి ఉంచండి. టిష్యూకల్చర్‌లో (ల్యాబ్‌లో కణజాలం నుంచి మొక్కలు పెంచే పద్ధతి) ఈ రెండు రకాల కణాల కలయిక తరచుగా విడిపోతుంది కాబట్టి పిలకలే నమ్మకం.

తెల్ల భాగం ఎండకు త్వరగా మాడుతుంది. ఏప్రిల్, మే నెలల్లో 50 శాతం షేడ్ నెట్ కింద ఉంచండి. అంచులు గోధుమ రంగుకు తిరిగితే దాన్ని కూడా తెగులని పొరబడవద్దు.

నా అసలు భయం వేరే ఉంది. చారల మొక్కలో వైరస్ దాక్కుంటే త్వరగా కనబడదు. సహజమైన చార అంచు గీత గీసినట్టు స్పష్టంగా ఉంటుంది, మధ్యలో లేత బూడిద పచ్చ ఛాయలూ ఉండొచ్చు. వైరస్ చారలు అలా ఉండవు. స్ట్రీక్ వైరస్‌లో పసుపు గీతలు ముక్కలు ముక్కలుగా వచ్చి తర్వాత నల్లబడతాయి. తొడిమ మీద ముదురు పచ్చ చుక్కలు, గీతలు వచ్చి ఆకులు ఇరుకై తలలో గుబురు కడితే అది బంచీ టాప్ అనే వైరస్ తెగులు. దాన్ని పేనుబంక మోస్తుంది. ఎండిన డొప్ప ఒలిచినప్పుడు కాండం మీద కదురు ఆకారంలో ఎర్రటి గీతలు కనబడితే బ్రాక్ట్ మొజాయిక్ అనే మరో వైరస్ తెగులని అనుమానించాలి. కాబట్టి తెల్ల భాగాన్ని వదిలి, పచ్చ భాగాన్ని, తొడిమను వెలుతురుకు ఎదురుగా పట్టి చూడండి.

అనుమానం ఉన్న తల్లి నుంచి ఒక్క పిలక కూడా బయటికి పంపకండి. ఆ మొక్కను కదపకుండా ఫోటోలు తీసి కొవ్వూరు ఉద్యాన పరిశోధనా స్థానం శాస్త్రవేత్తలకు చూపించండి. వైరస్ అని తేలితే ముందు పేనుబంకకు మందు కొట్టి, తర్వాత దుంపతో సహా తవ్వి కాల్చేయండి.